‘డాలి’ ఓడ కేసు: వదులైన ఒక్క వైరు దాకా విచారణ ఎలా చేరింది

2024 మార్చి 26, అర్ధరాత్రి దాటి 1:29. అమెరికాలోని బాల్టిమోర్ రేవు నుంచి కొలంబోకు బయల్దేరిన డాలి అనే కంటైనర్ ఓడ పటాప్‌స్కో నది మీదున్న ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని గుద్దింది. సెకన్లలో వంతెన నీళ్లలో పడిపోయింది. ఆ సమయంలో వంతెన మీద గుంతలు పూడుస్తున్న కూలీల్లో ఆరుగురు చనిపోయారు. పొట్టకూటి కోసం లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చిన వాళ్లు. ఒక కూలీ నీళ్లలో పడి తీవ్ర గాయాలతో బతికాడు. పని చూస్తున్న ఇన్‌స్పెక్టర్ పరుగెత్తి బయటపడ్డాడు.

మనకు అప్పుడు ఉదయం పదకొండు కావస్తోంది. మధ్యాహ్నానికల్లా ఆ వీడియో మన ఫోన్లన్నిటికీ వచ్చేసింది. ఓడలోని 21 మంది సిబ్బందిలో 20 మంది భారతీయులని తెలియగానే తీర్పులు మొదలయ్యాయి. కల్తీ ఇంధనం అన్నారు, సైబర్ దాడి అన్నారు, సిబ్బందికి పని రాదన్నారు. వాళ్లను ఎగతాళి చేస్తూ బొమ్మలు గీసినవాళ్లూ ఉన్నారు. ఓడలో నిజంగా ఏం జరిగిందో ఆ రోజు ఎవరికీ తెలియదు. అది తేలడానికి ఇరవై నెలలు పట్టింది.

నేను మెరైన్ ఇంజనీర్ని. చాలా ఏళ్లు ఓడల ఇంజిన్ రూముల్లో పనిచేసి, ఇప్పుడు ఒడ్డు మీద ఓడల తనిఖీ, ప్రమాదాల పరిశీలన చూస్తున్నాను. విశాఖ, కాకినాడ, శ్రీకాకుళం వైపు నుంచి మర్చంట్ నేవీలో చేరే పిల్లలకు పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఈ కేసునే ఎంచుకుంటాను. ఇందులో ఒక ఓడ, ఒక వంతెన, రెండు బ్లాకౌట్లు (ఓడలో కరెంటు పోవడాలు) ఉన్నాయి. సముద్ర ప్రమాదాన్ని అధికారికంగా ఎలా విచారిస్తారన్నది మొదటి నుంచి చివరి దాకా చూపించే కేసు ఇంతకన్నా స్పష్టమైనది నాకు కనబడలేదు.

విచారించే హక్కు ఎవరిది?

ఓడ ప్రమాదం జరిగిందంటే ముందు తేలాల్సింది ఇదే. డాలి సింగపూర్ జెండా కింద నడిచే ఓడ. యజమాని గ్రేస్ ఓషన్, నడిపేది సినర్జీ మెరైన్, అద్దెకు తీసుకున్నది మేర్‌స్క్, కట్టింది కొరియాలోని హ్యుందాయ్. సిబ్బంది మనవాళ్లు. ప్రమాదం జరిగింది అమెరికా నీళ్లలో.

ఈ చిక్కు విప్పడానికే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఐఎంఓ 2008లో ప్రమాద విచారణ కోడ్ ఒకటి ఆమోదించింది. 2010 జనవరి 1 నుంచి సోలాస్ అనే సముద్ర ప్రాణభద్రత ఒప్పందంలో ఉన్న దేశాలన్నీ దాన్ని పాటించాలి. ప్రాణం పోయినా, ఓడ పూర్తిగా నష్టపోయినా, పర్యావరణానికి తీవ్రమైన హాని జరిగినా దాన్ని ‘అతి తీవ్ర ప్రమాదం’ కింద లెక్కేస్తారు. అలాంటి ప్రతి ప్రమాదం మీదా భద్రతా విచారణ జరగాల్సిందే. ఆ బాధ్యత మొదట జెండా దేశానిది, అంటే ఓడ నమోదైన దేశానిది. ప్రమాదం మరో దేశపు నీళ్లలో జరిగితే రెండు దేశాలూ మాట్లాడుకుని ఎవరు ముందుండాలో తేల్చుకుంటాయి. ఇక్కడ అమెరికా ముందుంది. సింగపూర్ రవాణా భద్రతా విచారణ సంస్థ మనుషులు వాళ్లతో కలిసి పనిచేశారు.

ఆ కోడ్‌లో నేను ప్రతి తరగతిలోనూ చదివి వినిపించే మాట ఒకటుంది. భద్రతా విచారణ ఎవరినీ దోషిగా తేల్చడానికి గానీ, నష్టపరిహారం ఎవరు కట్టాలో నిర్ణయించడానికి గానీ కాదు, మళ్లీ ఇలాంటిది జరగకుండా చూడటానికి మాత్రమే అని. అమెరికాలో ఆ పని ఎన్‌టీఎస్‌బీ అనే జాతీయ రవాణా భద్రతా బోర్డుది. దానికి జరిమానా వేసే అధికారం లేదు, అరెస్టు చేసే అధికారం లేదు, ఒక్క లైసెన్సు రద్దు చేసే అధికారం కూడా లేదు. కారణం కనుక్కుంటుంది, సిఫార్సు చేస్తుంది, అంతే. అది ఇచ్చే తుది నివేదికను నష్టపరిహారపు దావాల్లో సాక్ష్యంగా వాడకూడదని అమెరికా చట్టం స్పష్టంగా చెబుతోంది. ఆ అడ్డుగోడ ఉంది కాబట్టే ఇంజిన్ రూములో ఉన్న మనిషి దగ్గర నిజం రాబట్టడానికి కొంతైనా వీలుంటుంది.

ఎన్‌టీఎస్‌బీ పనిపద్ధతి గురించి ఇంకొక్క మాట. ఓడ కంపెనీ, రేవు దారిలో ఓడలను నడిపించే పైలట్ల సంఘం, కోస్ట్ గార్డ్, వంతెన యజమాని, ఇలా సాంకేతిక జ్ఞానం ఉన్నవాళ్లను విచారణలో ‘పార్టీలు’గా చేర్చుకుంటారు. బ్రేకర్ (కరెంటును కలిపే, తెంచే స్విచ్) లోపల ఏముందో దాన్ని చేసినవాడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? అయితే ఆ పాత్ర వాస్తవాలు పోగుచేసే దశతోనే ఆగిపోతుంది. విశ్లేషణ, కారణం, ముగింపు బోర్డు సిబ్బందే రాసుకుంటారు. పార్టీల తరఫున లాయర్లను గానీ ఇన్సూరెన్స్ మనుషులను గానీ రానివ్వరు. ఈ నియమం లేకపోతే మొదటి వారంలోనే అందరి నోళ్లూ మూతపడేవి.

నాలుగున్నర నిమిషాలు

ఓడ వంతెన కిందే ఇరుక్కుని ఉండగానే విచారణ బృందం చేరింది. వాళ్లు మొదట అడిగింది వీడీఆర్. విమానంలో బ్లాక్ బాక్స్ ఎలాగో ఓడలో వాయేజ్ డేటా రికార్డర్ అలాగ. బ్రిడ్జిలో, అంటే ఓడను నడిపే గదిలో, మనుషుల మాటలు, రేడియో సంభాషణలు, ఓడ స్థానం, వేగం, చుక్కాని ఆదేశాలు అందులో నమోదవుతుంటాయి. మర్నాడే ఎన్‌టీఎస్‌బీ అందులోంచి సమయాల వరుసను బయటపెట్టింది.

1:24:59కి బ్రిడ్జిలో అలారాలు ఒక్కసారిగా మోగాయి. ఆ క్షణం నుంచి వీడీఆర్‌కు సెన్సర్ల డేటా ఆగిపోయింది. దాని సొంత బ్యాకప్ కరెంటు మీద శబ్దం మాత్రం రికార్డవుతూనే ఉంది. 1:26:02కి డేటా మళ్లీ మొదలైంది. 1:26:39కి పైలట్ దగ్గర్లో ఉన్న టగ్గులను (ఓడలను లాగే చిన్న ఓడలను) రేడియోలో పిలిచాడు. 1:27:04కి ఎడమ లంగరు వదలమని ఆదేశం. 1:27:25కి, ఓడకు కరెంటు మొత్తం పోయింది, వంతెన వైపు వెళ్తున్నాం అని రేడియోలో హెచ్చరిక. దాదాపు అదే సమయానికి వంతెన సంస్థ డ్యూటీ ఆఫీసర్ రెండు చివర్లా ఉన్న పోలీసు బండ్లకు రాకపోకలు ఆపమని చెప్పాడు. 1:29:00కి ఓడ వేగం ఏడు నాట్లకు కాస్త తక్కువ. ఆ తర్వాత ముప్ఫై సెకన్ల పైచిలుకు పాటు గుద్దుకున్న శబ్దాలు. 1:29:39కి పైలట్, వంతెన పడిపోయింది అన్నాడు.

విచారణలో ఇక్కడ ఎవరికీ కనబడని పని ఒకటి జరుగుతుంది. వీడీఆర్ గడియారం ఒకటి, ఇంజిన్ రూము అలారం లాగ్ గడియారం మరొకటి, పోలీసు రేడియో రికార్డింగుది ఇంకొకటి, వంతెన వైపు తిరిగి ఉన్న కెమెరాది వేరొకటి. వీటన్నిటినీ ఒకే కాలరేఖ మీదికి తేవాలి. రెండు సెకన్ల తేడా వస్తే కారణం కాస్తా ఫలితంలా కనిపిస్తుంది. ఏ బ్రేకర్ ముందు పడింది, ఏ పంపు తర్వాత ఆగింది అన్నది ఈ వరుస మీదే ఆధారపడుతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన వాళ్లు సాక్షుల మాటల దగ్గర మొదలెడతారు. గడియారాలు కలిపాకే సాక్షుల దగ్గరికి వెళ్లాలన్నది నా అభిప్రాయం. మనిషి జ్ఞాపకానికి వరుస గుర్తుండదు, భయం గుర్తుంటుంది.

ఓడలో ఏం జరిగింది?

మే 14న వచ్చిన ప్రాథమిక నివేదికతో బొమ్మ కొంత తేటపడింది. డాలిలో నాలుగు డీజిల్ జనరేటర్లు ఉన్నాయి. అవి 6,600 వోల్టుల హై వోల్టేజ్ కరెంటు తయారుచేస్తాయి. దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ 440 వోల్టులకు దించి పంపులు, లైట్లు, చుక్కాని యంత్రం లాంటివాటికి పంపుతుంది. ట్రాన్స్‌ఫార్మర్లు రెండు. ఒక్కోదానికి హై వోల్టేజ్ వైపు ఒక బ్రేకర్, లో వోల్టేజ్ వైపు ఒక బ్రేకర్. ఆ రాత్రి వాడుకలో ఉన్నది ఒకటో ట్రాన్స్‌ఫార్మర్. దాని బ్రేకర్ల పేర్లు హెచ్‌ఆర్1, ఎల్‌ఆర్1.

వంతెన ఇంకా 0.6 మైళ్ల దూరంలో ఉండగా, అంటే సుమారు మూడు ఓడల పొడవు దూరంలో, ఆ రెండు బ్రేకర్లూ ఉన్నట్టుండి తెరుచుకున్నాయి, అంటే కరెంటును తెంచేశాయి. లో వోల్టేజ్ వైపు అంతా చీకటి. నీటి పంపులు ఆగాయి. కూలింగ్ నీటి ఒత్తిడి పడిపోవడంతో ప్రధాన ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయింది. అంత పెద్ద ఓడకు ఒకే ఇంజిన్, ఒకే ప్రొపెల్లర్. ప్రొపెల్లర్ తిరగకపోతే చుక్కానికి తగిలే నీటి ఉరవడి తగ్గుతుంది, చుక్కాని పట్టు సడలుతుంది. ఎమర్జెన్సీ జనరేటర్ చుక్కాని పంపుకు కరెంటు ఇవ్వగలదు గానీ ఆగిన ఇంజిన్‌ను నడపలేదు.

సిబ్బంది బ్రేకర్లను చేత్తో మూసి కరెంటు తెప్పించారు. వంతెన 0.2 మైళ్ల దూరానికి వచ్చేసరికి రెండో బ్లాకౌట్. ఈసారి నడుస్తున్న మూడు, నాలుగు నంబర్ల జనరేటర్ల బ్రేకర్లే పడిపోయాయి. హై వోల్టేజ్, లో వోల్టేజ్ రెండూ పోయాయి. రెండో నంబరు జనరేటర్‌ను అందుకుని మళ్లీ కరెంటు తెచ్చారు. అప్పటికి చాలా ఆలస్యమైపోయింది. ఇంజిన్ రూములో బ్లాకౌట్ అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఈ వరుస మళ్లీ ఒకసారి చదవండి. నాలుగు నిమిషాల్లో రెండు వేర్వేరు రకాల బ్లాకౌట్ల నుంచి కరెంటు తిరిగి తెచ్చిన మనుషులు వాళ్లు. పని రాదని వాళ్ల గురించి మాట్లాడిన మాటలు ఇప్పటికీ నాకు బాధ కలిగిస్తాయి.

వైరు ఎలా దొరికింది?

బ్రేకర్ ఎందుకు పడింది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే అసలు విచారణ. ఇంధనం నమూనాలు పరీక్షకు పంపారు, నాణ్యత ప్రమాణాల ప్రకారమే ఉంది. కల్తీ ఇంధనం కథ అక్కడితో ముగిసింది. ఏప్రిల్‌లో కొరియా నుంచి హ్యుందాయ్ నిపుణులు వచ్చారు. ఓడలోనే ఉండి బ్రేకర్ల డేటా తీయడంలో, సర్క్యూట్లు పరీక్షించడంలో సాయపడ్డారు. మే 20న ఓడను తేల్చి రేవుకు చేర్చాక కూడా పరీక్షలు నడిచాయి.

హెచ్‌ఆర్1 లాంటి బ్రేకర్‌లో అండర్‌వోల్టేజ్ రిలీజ్ అనే చిన్న కాయిల్ ఉంటుంది. దానికి కంట్రోల్ కరెంటు అందుతున్నంత సేపే బ్రేకర్ మూసి ఉంటుంది. స్ప్రింగ్ తలుపును చేత్తో పట్టుకు నిలబడ్డట్టు: చెయ్యి వదిలిన క్షణం తలుపు కదులుతుంది. భద్రత కోసమే అలా చేస్తారు, అందులో తప్పేమీ లేదు. విచారణ బృందం ఆ కాయిల్‌కు వెళ్లే కంట్రోల్ సర్క్యూట్‌ను టెర్మినల్ వెంట టెర్మినల్ చూసుకుంటూ పోయింది. వైర్లు బిగించే ఒక టెర్మినల్ బ్లాకులో సిగ్నల్ వైరు ఒకటి వదులుగా ఉన్నట్టు తేలింది. ఆ వైరును ఊడదీస్తే బ్రేకర్ పడింది. ప్రమాదం రాత్రి జరిగినట్టే.

ఆ టెర్మినల్ బ్లాకునూ వైరు ముక్కనూ ల్యాబుకు తీసుకెళ్లి చూశారు. వైరు చివర లోహపు తొడుగు ఉంటుంది, దాన్ని ఫెరూల్ అంటాం. అది స్ప్రింగ్ క్లాంప్ లోపలికి పూర్తిగా దిగాలి. వైరు ఏదో తెలిసేలా నంబరు రాసిన చిన్న లేబుల్ పట్టీ ఒకటి వైరు మీద తొడుగుతారు. ఇక్కడ ఆ పట్టీ ఫెరూల్ మీదికి జరిగి ఉంది. దాని మందం వల్ల ఫెరూల్ క్లాంపులోకి పూర్తిగా దిగలేదు, పైపైనే ఆనుకుని ఉంది. చూస్తే బిగించినట్టే కనబడుతుంది. ఓడ కంపనాలకు కొంచెం కొంచెంగా జారుతూ, 2015లో కట్టిన ఓడలో 2024 మార్చి నాటి ఒక రాత్రి కాంటాక్ట్ వదిలేసింది.

వేలాది కనెక్షన్లున్న ఓడలో ఇది దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇన్సులేషన్ పరీక్షలో ఇది కనబడదు. కంటితో చూసినా కనబడదు. సరిగా కూర్చోని కనెక్షన్ వేడెక్కుతుందేమో ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చూడటం లాంటి తనిఖీలు ఉండాలని నివేదిక చెప్పింది. నేనైతే దానికి చేతిపనిని కూడా జోడిస్తాను. స్విచ్‌బోర్డు కరెంటు ఆపిన సమయంలో కంట్రోల్ వైర్లను ఒక్కొక్కటిగా పట్టుకుని మెల్లగా లాగి చూడాలి. విసుగు పుట్టించే పనే, కానీ చేయాల్సిన పని.

పంపు కథ

మొదటి బ్లాకౌట్‌కు కారణం వైరు. మరి రెండోదానికి? నా దృష్టిలో ఈ నివేదికలో బరువైన పాఠం ఇదే, వార్తల్లో దీనికి చోటు దొరకలేదు.

జనరేటర్లకు ఇంధనం అందించడానికి సర్వీస్ పంపులుంటాయి. ఒకటి ఆగితే మరొకటి తనంతట తాను అందుకుంటుంది, కరెంటు పోయి వచ్చినా తిరిగి మొదలవుతుంది. డాలిలో ఆ సమయంలో ఇంధనం అందిస్తున్నది ఫ్లషింగ్ పంపు. పైపుల్లో పాత ఇంధనాన్ని నెట్టి శుభ్రం చేయడానికి పెట్టిన పంపు అది. దానికి తోడు పంపు లేదు, ఆటోమేటిక్‌గా తిరిగి మొదలయ్యే ఏర్పాటూ లేదు. మొదటి బ్లాకౌట్‌తో అది ఆగింది. కరెంటు వచ్చినా అది రాలేదు. నడుస్తున్న జనరేటర్లకు ఇంధనం ఒత్తిడి మెల్లగా తగ్గి, అవీ ఆగాయి. రెండో బ్లాకౌట్ అంటే ఇదే.

అంటే వైరు గట్టిగా ఉన్నా, మరేదో కారణంతో లో వోల్టేజ్ పోయిన ఏ రోజునైనా ఆ ఓడ రెండోసారి కూడా చీకటయ్యేది. లోపం వైరులో దాగినట్టే పద్ధతిలోనూ దాగి ఉంది. ఇలాంటి అడ్డదారులు ఓడల్లో రాత్రికి రాత్రే పుట్టవు. ఎవరో ఒక అవసరం కోసం మొదలుపెడతారు, బాగానే నడుస్తుంది, తర్వాత వచ్చిన ఇంజనీరుకు హ్యాండోవర్‌లో అదే పద్ధతిగా అందుతుంది. అందుకే ఎన్‌టీఎస్‌బీ ఇక్కడ వేలు ఒక ఇంజనీరు వైపు కాకుండా ఓడను నడిపే కంపెనీ పర్యవేక్షణ వైపు చూపింది. తన ఓడలో ఏ పంపు దేనికి వాడుతున్నారో కంపెనీ చూసుకుని ఉండాల్సింది అంది.

ముందు రోజు సంగతి కూడా చెప్పాలి. బయల్దేరడానికి దాదాపు పది గంటల ముందు, రేవులో కట్టి ఉండగానే డాలిలో రెండుసార్లు బ్లాకౌట్ అయింది. మొదటిది మరమ్మతు పనిలో ఒక ఇంజిన్ పొగ గొట్టంలోని మూత, అంటే డాంపర్‌ను పొరపాటున మూయడం వల్ల. ఇది బయటికి రాగానే, ముందురోజే పాడైన ఓడను వదిలేశారు అని గోల మొదలైంది. విచారణలో తేలింది వేరు. రేవులో జరిగిన వాటి కారణాలు వేరు, నదిలో జరిగిన వాటివి వేరు. కానీ ఒక ముడి మాత్రం ఉంది. నెలల తరబడి రెండో ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిచిన ఓడను, రేవులో బ్లాకౌట్ల తర్వాత ఒకటో ట్రాన్స్‌ఫార్మర్ మీదికి మార్చారు. ఆ మార్పు ఏ రకంగానూ తప్పు కాదు, రెండూ సమానంగా వాడదగినవే. అయితే వదులుగా ఉన్న వైరు ఉన్నది ఒకటో దాని హెచ్‌ఆర్1 బ్రేకర్‌కే. ఇలాంటి ముడిని ‘నిర్లక్ష్యం’ అన్న ఒక్క మాటతో కొట్టేసే విచారణకు ఇది ఎప్పటికీ దొరికేది కాదు.

వంతెన కూడా నిందితుల బోనులో

ఒడ్డు మీది సంగతుల దాకా వెళ్లకుండా ఈ విచారణ ఓడ దగ్గరే ఆగి ఉంటే సగమే అయ్యేది. కీ వంతెన 1977లో మొదలైంది. 1980 మే 9న ఫ్లోరిడాలోని సన్‌షైన్ స్కైవే వంతెనను సమ్మిట్ వెంచర్ అనే ఓడ గుద్ది 35 మంది చనిపోయారు. అదే ఏడాది ఆగస్టులో కీ వంతెననే బ్లూ నగోయా అనే 390 అడుగుల ఓడ గుద్దింది. అప్పుడు స్వల్ప నష్టంతో పోయింది. డాలి దానికి అనేక రెట్లు పెద్దది, పొడవే 947 అడుగులు.

స్కైవే తర్వాత 1991లో, ఓడ గుద్దితే వంతెన కూలే ముప్పును ఎలా లెక్కకట్టాలో అమెరికా రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం పద్ధతి ఇచ్చింది. 1994 తర్వాత కట్టే వంతెనలకు దాన్ని తప్పనిసరి చేశారు, పాతవాటిని యజమానులకే వదిలేశారు. కీ వంతెనకు ఆ లెక్క ఎవరూ వేయలేదు. ప్రమాదం తర్వాత ఎన్‌టీఎస్‌బీ వేసి చూస్తే, ముఖ్యమైన వంతెనకు ఒప్పుకునే పరిమితికి దాదాపు 30 రెట్లు ముప్పు తేలింది. తుది నివేదిక కోసం ఆగకుండా 2025 మార్చిలోనే, 19 రాష్ట్రాల్లోని 68 వంతెనలకు ఈ లెక్క వెంటనే వేయమని 30 యాజమాన్య సంస్థలకు చెప్పింది. ఆ జాబితాలో గోల్డెన్ గేట్, బ్రూక్లిన్ వంతెనలు కూడా ఉన్నాయి.

ఇంకొకటి, నన్ను ఎక్కువగా కలచివేసేది. పైలట్ హెచ్చరిక పోలీసులకు చేరింది, వాళ్లు వాహనాలు ఆపేశారు, ఎందరో ప్రాణాలతో బయటపడ్డారు. బోర్డు వాళ్లను మెచ్చుకుంది. కానీ వంతెన మధ్యలో పనిచేస్తున్న కూలీలకు ఆ మాట చేరలేదు. పోలీసులకు చెప్పినప్పుడే వాళ్లకూ నేరుగా చెప్పగలిగి ఉంటే కూలని భాగం వైపు బండ్లు నడుపుకుని వెళ్లిపోయేంత సమయం ఉండి ఉండవచ్చని నివేదిక అంది. అందుకే 2025 నవంబర్ 18న బహిరంగ సమావేశంలో బోర్డు ప్రకటించిన కారణంలో మూడు అంశాలున్నాయి. లేబుల్ పట్టీ తప్పుగా తొడగడంతో వదులైన వైరు, దానివల్ల వంతెన దగ్గర కరెంటు, ఇంజిన్, చుక్కాని పోవడం. ఓడ దెబ్బకు వంతెన కూలకుండా రక్షణ లేకపోవడం. కూలీలను వెంటనే ఖాళీ చేయించే సమాచార ఏర్పాటు లేకపోవడం. ఓడ తప్పా వంతెన తప్పా అని వాదించుకునే వాళ్లందరికీ ఇందులో జవాబు ఉంది.

పక్కనే నడిచిన మిగతా దారులు

భద్రతా విచారణకు శిక్షించే పని లేదన్నంత మాత్రాన ఆ పని జరగలేదని కాదు. 2024 ఏప్రిల్ 15న ఎఫ్‌బీఐ ఓడ ఎక్కింది, సిబ్బంది ఫోన్లు తీసుకుంది. ఏప్రిల్ 1నే యజమానులు 1851 నాటి చట్టం కింద తమ బాధ్యతను సుమారు 4.36 కోట్ల డాలర్లకు పరిమితం చేయమని కోర్టుకు వెళ్లారు. అమెరికా న్యాయశాఖ వేసిన సివిల్ దావా 2024 అక్టోబర్‌లో దాదాపు 10.2 కోట్ల డాలర్లకు రాజీ అయింది. ఇవన్నీ వేర్వేరు గదుల్లో నడిచాయి. గదులు వేరైనా మనుషులు ఒకరే. మనవాళ్లలో చాలామంది వారాల తరబడి ఓడ దిగలేకపోయారు, ఇంటికి మాట్లాడుకునే ఫోన్ కూడా చేతిలో లేకుండా. భద్రతా విచారణ నమ్మకం మీద నడుస్తుంది. క్రిమినల్ దర్యాప్తు పక్కన ఉన్నప్పుడు ఆ నమ్మకం నిలబెట్టడం ఎంత కష్టమో డాలి సిబ్బందికి తెలుసు.

ఇక మన సంగతి. సముద్రంలో మన ఓడలకు మర్చంట్ షిప్పింగ్ చట్టం కింద విచారణ ఏర్పాటు ఉంది, డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ప్రమాదాల మీద క్యాజువాలిటీ సర్క్యులర్లు విడుదల చేస్తుంది. వాటిని క్రమం తప్పకుండా చదివే ఇంజనీరుకూ చదవని ఇంజనీరుకూ తేడా నాకు పది నిమిషాల మాటల్లో తెలిసిపోతుంది. నదుల సంగతి వేరు. 2017 నవంబర్ 12న కృష్ణా నదిలో ఇబ్రహీంపట్నం దగ్గర, 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోట్లు మునిగాయి. రెండుచోట్లా విచారణలకు ఆదేశించారు. కచ్చులూరు బోటును నది అడుగు నుంచి పైకి తీయడానికే అక్టోబర్ 22 దాకా పట్టింది. బోటు అంటే శవాలు దొరికే చోటు మాత్రమే కాదు, అది ముఖ్య సాక్ష్యం. దాని ఇంజిన్ ఏ స్థితిలో ఉంది, స్టీరింగ్ కేబుల్ తెగిందా, పై అంతస్తు తర్వాత జోడించిందా, మనుషులు ఎటువైపు కూర్చున్నారు, లైఫ్ జాకెట్లు ఎక్కడ ఉన్నాయి, వరదలో బోటుకు అనుమతి ఇచ్చే నిర్ణయం ఎవరి చేతుల్లోంచి ఎలా వచ్చింది, ఇవన్నీ డాలి వైరు వెతికినంత ఓపికగా వెతకాల్సినవి. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్త అంతర్గత నౌకల చట్టం వచ్చింది, ప్రమాద విచారణకు అందులో చోటుంది. పాపికొండల బోట్ల సరంగులూ, గైడ్లూ, వాళ్లకు అనుమతులిచ్చే అధికారులూ అందరూ చదువుకోగలిగేలా అలాంటి నివేదికలు తెలుగులో రావాలన్నది నా కోరిక. ఎవరిని అరెస్టు చేశారన్న వార్త వాళ్లకు ఏమీ నేర్పదు.

డాలి నివేదిక వచ్చాక నా తనిఖీ పద్ధతి మారింది. ఏ ఓడ ఎక్కినా ఇంజిన్ కంట్రోల్ రూములో మూడు సంగతులు అడుగుతున్నాను. ఈ క్షణం జనరేటర్లకు ఇంధనం ఏ పంపు అందిస్తోంది, కరెంటు పోయి వస్తే అది తనంతట తాను లేస్తుందా? ట్రాన్స్‌ఫార్మర్ల మార్పిడి ఆటోలో ఉందా, మాన్యువల్‌లో ఉందా, మాన్యువల్ అయితే ఎందుకు? రేవు దాటేటప్పుడు బ్లాకౌట్ అయితే ముందు ఏ బ్రేకర్ దగ్గరికి ఎవరు వెళ్లాలి? జవాబు చెబుతున్న ఇంజనీరు మొహం చూస్తే సగం తెలుస్తుంది. మిగతా సగం కోసం స్విచ్‌బోర్డు తలుపు తెరిపించి, టార్చి వేసి, ఫెరూల్ మీదికి లేబుల్ పట్టీ జరిగిందేమో ఒక్కో టెర్మినల్‌నూ చూస్తాను.